ఊరగాయ జాడీలో నికెల్ బిళ్ళ

చిత్తూరు గిరింపేటలో నికెల్ పూత కొట్టు ఎక్కడని అడిగితే ఎవరూ బోర్డు గుర్తు చెప్పరు. బోర్డు ఉంది గానీ దాని మీది అక్షరాలను యాసిడ్ ఆవిరి ఎప్పుడో తినేసింది. "మూతి ముడుచుకోని ఒక ఆయమ్మ గడప మీద కూసోనుంటాది సూడు, అదే" అని చెబుతారు.

ఆ ఆయమ్మ దేవకమ్మ.

కొందరు పుట్టుకతోనే నవ్వుముఖం తెచ్చుకుంటారు. దేవకమ్మ రోతముఖం తెచ్చుకుంది. సత్యవేడులో చిన్నపిల్లగా ఉన్నప్పుడే పాలు విరగబోతున్న సంగతి ఇంట్లో అందరికన్నా ముందు ఆమె ముక్కుకు తెలిసేది. చెంబు అడుగున పాచి కనబడితే ఆ పూట నీళ్లు తాగేది కాదు. "నీ ముక్కుకు ముక్కుపుడక కాదే, మూత చేయించాల" అని తల్లి తిట్టేది. అట్లాంటి పిల్లను తెచ్చి ఏకాంబరానికి కట్టబెట్టారు. ఇంటి ముందు సగం కొట్టు, వెనక సగం కాపురం, మధ్య ఒక్క గోడ. వంటింట్లో పోపు వేస్తే కొట్టులో తుమ్ములు. కొట్టులో యాసిడ్ తొట్టి మూత తీస్తే వంటింట్లో దగ్గు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ఆ నికెల్ తొట్టి చూసి పెరట్లోకి పరుగెత్తి కక్కుకుంది. తొట్టినిండా చిక్కటి ఆకుపచ్చ నీళ్లు. వెచ్చగా పొగలు కక్కుతూ, పైన సన్నటి నురగ. అందులో ఒక పక్క నికెల్ పలకలు గుడ్డసంచుల్లో వేలాడుతుంటాయి, ఇంకో పక్క పూత పెట్టాల్సిన ఇనుప సామాను. కరెంటు పెడితే పలకల్లోని నికెల్ నీళ్లలో కరిగి, ఈదుకుంటూ పోయి ఇనుము మీద కూర్చుంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. ఆ నీళ్లలో చేతులు పెట్టేవాళ్లకు మాత్రం వేళ్ల సందుల్లో ఎర్రటి పొక్కులు లేచి, చితికి, రసి కారుతుంది. ఏకాంబరానికి ఆ గజ్జి ముందునుంచీ ఉంది. తర్వాత దేవకమ్మకూ వచ్చింది. వేపాకూ పసుపూ నూరి రాసుకునేది, తగ్గేది, మళ్లీ వచ్చేది. తన చేతిని తన కంచంలో పెట్టడానికే రోతపుట్టి సంగటిని కూడా చెంచాతో తినేది. వీధిలో ఆడవాళ్లు "దొరసానమ్మ భోజనానికి కూసునిందే" అని ఎగతాళి చేసేవాళ్లు.

అయినా ఆమె ఆ కొట్టులోనే స్థిరపడింది. ఆమె రోతే ఆమెకు పని నేర్పింది. నికెల్ పూతలో సగం పని కడగడమే. ఇనుము మీద జిడ్డు గానీ తుప్పు గానీ వేలిముద్ర గానీ మిగిలితే పూత పట్టదు. పట్టినట్టే ఉండి, నాలుగునాళ్లకు పొలుసు లేస్తుంది. కడిగిన సామాను దేవకమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ముఖం విప్పితేనే తొట్టిలోకి దిగేది.

సైకిల్ షాపు గోవిందు ఒకసారి తుప్పు పట్టిన హ్యాండిల్ తెచ్చి, "దీని మీదనే ఒక పూత కొట్టియ్యక్కా. పైన తళతళమంటే సాలు, లోపల యెవురు సూస్తారు?" అన్నాడు.

"పుండు మీద పట్టుగుడ్డ సుడితే మానతాదా గోవిందూ?"

"పుండు కాదక్కా, హ్యాండిలు."

"నాకు రెండూ ఒకటే. ఎత్తుకో పో."

గోవిందు గొణుక్కుంటూ పోయి, మర్నాడు దాన్ని ఇసుకపెట్టి తోమించుకుని తెచ్చాడు.

దేవకమ్మ తన కళ్లనూ ముక్కునూ కూడా పూర్తిగా నమ్మేది కాదు. ఆమె దగ్గర ఒక జాడీ ఉండేది. ఒక ఏడు పాడైపోయిన మామిడికాయ ఊరగాయ జాడీ అది. పారబోయడానికి మనసొప్పక కొట్టులోకి తెచ్చిపెట్టింది. తొట్టిలో కొత్తగా ద్రావకం కలిపినప్పుడల్లా ఒక చిన్న ఇనుపబిళ్ళకు పూత పెట్టి, దారంతో ఆ ఊరగాయలోకి దించేది. ఉప్పు, పులుపు, కారం మూడూ కలిసి దాన్ని తినడానికి చూసేవి. కొన్నాళ్లకు తీసి తుడిచి చూసేది. నల్లబడితే ఆ తొట్టితో పని ఆపేయాల్సిందే. తెల్లగా ఉంటే సరే. ఏళ్లు గడిచేకొద్దీ బజారులో అందరికీ ఆ జాడీ మీద గురి కుదిరింది. "దేవకమ్మ ఊరగాయలో నిలిచింది యముడి కొప్పెరలో కూడా నిలుస్తాది" అనేవాళ్లు. ఆమె మాత్రం ఆ పొగడ్తకు కూడా మూతి ముడుచుకునేది.

రాపిడికి అరగని ఒక కొత్త పూత పుట్టింది ఏకాంబరం చేతి జారుడువల్ల. మెరుగు పెట్టడానికి వాడే ఎమరీ అనే రాతిపొడి డబ్బా ఒకనాడు అటకమీదనుంచి తీస్తూ తొట్టిలో సగం ఒలకబోశాడు. తిట్లు తప్పించుకోవడానికి భార్యకు చెప్పకుండా కట్టెతో కలుపుతూ కూర్చున్నాడు. ఆ తొట్టిలోంచి లేచిన ఇనుపకడ్డీ బూడిదరంగులో గరుకుగా ఉంది. దాన్ని అరగదీయబోతే ఆకురాయి జారిపోయింది. మళ్లీ గట్టిగా రుద్దితే ఆకురాయి పళ్లే అరిగాయి.

"ఇట్ల సూడమ్మే! ఆకురాయికే పండ్లు ఊడినాయి!" అని చిన్నపిల్లవాడిలాగా గంతులేశాడు ఏకాంబరం.

"కప్ప వీపు మాదిరి ఉండాది. దీన్ని యెవురు ముట్టుకుంటారు?" అంది ఆమె.

"ముట్టుకునేదానికి గాదే, అరగకుండా ఉండేదానికి."

ఏకాంబరం చెప్పింది నిజమే. చిక్కీలో పాకం గట్టిపడుతుంటే చెనిక్కాయ పలుకులు అందులో చిక్కుకున్నట్టు, ఇనుము మీద నికెల్ పేరుకుంటుంటే ఎమరీ నలుసులు అందులో చిక్కుకుపోతాయి. నికెల్ మెత్తన; నలుసు రాయి. రాపిడికి ఎదురు నిలిచేది ఆ నలుసే. చేయాల్సిందల్లా పాయసం అడుగంటకుండా కలిపినట్టు తొట్టిని కలుపుతూనే ఉండటం. బస్టాండు దగ్గర చెరుకురసం అమ్మే చిన్నబ్బ గానుగ రోలర్లకు ఆ పూత పెట్టారు. ఏటా అరిగిపోయే రోలర్లు ఆ ఏడు ఎండలన్నీ గడిచినా అట్లాగే ఉన్నాయి. చిన్నబ్బ వచ్చేపోయే బస్సు డ్రైవర్లందరికీ ఆ రోలర్లు చూపించి మరీ రసం పోశాడు.

ఆ రసం తాగినవాళ్లలో జయరామ్ ఒకడు.

జయరామ్‌కు ఊరి బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. ఆ ఏళ్లలో చిత్తూరు చుట్టూ అట్లాంటివి ఒకటొకటిగా లేస్తున్నాయి. బెంగళూరా కాయలు పండబెట్టి, కోసి, గుజ్జు తీసి, ఉడికించి, డబ్బాల్లో పెట్టి మూత బిగించి పంపుతారు. గుజ్జు తీసే మెషీను ఒక పెద్ద జల్లెడ పీపా. అందులో ఇనుప తెడ్లు గిరగిరా తిరుగుతూ పండును జల్లెడకేసి బాదుతాయి. గుజ్జు రంధ్రాల్లోంచి కిందికి కారుతుంది, టెంకలూ తొక్కలూ పక్కకు పోతాయి. జయరామ్ మెషీను పాతది, ఎవరో వదిలించుకుంటే కొన్నది. టెంకల దెబ్బకు తెడ్ల అంచులు అరిగి, జల్లెడకూ వాటికీ మధ్య సందు పెరిగి, గుజ్జంతా తొక్కల్లో పోతోంది. తుప్పు పట్టని ఉక్కు తెడ్లు మద్రాసునుంచి రావాలంటే సీజను దాటిపోతుంది.

"ఏకాంబరం, ఉత్త ఇనుముతో కొత్త తెడ్లు చేపిస్తా, నీ రాళ్లపూత వాటికి పెట్టబ్బా" అన్నాడు జయరామ్, తమలపాకు నములుతూ కొట్టు గడపలో నిలబడి. మాట్లాడుతూనే చూపుడువేలితో పళ్ల సందులో వక్కముక్క తీసి గోడకు రాశాడు. దేవకమ్మ ఆ గోడవైపు చూసి, జయరామ్‌వైపు చూసింది.

"చెరుకురసం వేరే, మామిడికాయ వేరే సామీ. అది పులుపు. జాడీలో ఏసి సూడకుండా పెట్టం" అంది.

"ఏసి సూడమ్మా! ఊరగాయ ముందర పండు గుజ్జెంత, దాని పులుపెంత?"

అందరికీ న్యాయంగానే తోచింది. పచ్చి మామిడికాయ, దానికితోడు దోసిళ్లకొద్దీ ఉప్పు. దాన్ని తట్టుకున్నది తీయటి పండును తట్టుకోదా? దేవకమ్మ ఎమరీ పూత పెట్టిన బిళ్ళను జాడీలోకి దించింది. సీజను దగ్గరపడ్డాక తీసి గుడ్డతో తుడిచింది. మచ్చ లేదు. దీపం వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. గరుకుగా, బూడిదగా, పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. మళ్లీ జాడీలోకే దించింది.

తెడ్లు బిగించిన రోజు ఆమె కూడా ఫ్యాక్టరీకి వెళ్లింది. కాయలు కోసే ఆడవాళ్లలో ఆమె వీధిలోనే ఉండే గంగులమ్మ ఉంది. సాయంత్రం పని దిగేటప్పుడు తపేలా అడుగున మిగిలిన గుజ్జు ఆ ఆడవాళ్లు ఇళ్లకు తీసుకుపోతారు. పిల్లలకు ఆ రెండు నెలలూ అదే పండగ.

"ఇనుమూ గినుమూ రాలదు గదా అక్కా? మా పిల్లోళ్లు తాగేది ఇదే" అంది గంగులమ్మ.

"రాలదు. తుప్పు పట్టదు. నాది పూచీ" అంది దేవకమ్మ అందరూ వింటుండగా.

ఆమె నోటినుంచి ఏ వస్తువు గురించైనా అంతకన్నా మంచిమాట ఎవరూ విని ఎరగరు. కోతబల్లల దగ్గరి ఆడవాళ్లంతా నిశ్చింతగా కత్తులు పట్టుకున్నారు.

సీజను మధ్యలో ఒక సాయంత్రం గంగులమ్మ కొట్టు ముందుకు వచ్చి నిలబడింది. ఒక చేతిలో గ్లాసునిండా మామిడి గుజ్జు. రెండో చేతి పిడికిలి మూసి ఉంది.

"అక్కా, ఇది మీదేనా సూడు."

పిడికిలి విప్పింది. అరచేతిలో గోరంత రేకు. ఒక పక్క బూడిదగా గరుకుగా ఉంది. రెండో పక్క గోధుమరంగు బంక.

"యాడిదే ఇది?"

"నా కూతురు నోట్లోది. గుజ్జు తాగతా తాగతా ఉమ్మేసింది. తుప్పు కంపు గొడతాందమ్మా అనింది. నేను మామిడి పీచులే అనుకోని తిట్టినా. ఏలు పెట్టి తీస్తే ఇది."

దేవకమ్మ ఆ రేకును ముక్కు దగ్గరికి తీసుకుంది. తీపి, దాని కింద పాత రక్తం లాంటి వాసన.

"కాదు. జాడీలో నా బిళ్ళ సుబ్బరంగా ఉండాది" అంది. అంటూనే అది ఎంత బోలు మాటో తనకే వినబడింది. రేకు మీద ఎమరీ నలుసులు మెరుస్తున్నాయి. చిత్తూరులో ఆ పూత పెట్టేది ఇంకెవరు?

లోపలికి వెళ్లి జాడీలోంచి బిళ్ళను బయటికి లాగింది. ఇన్నాళ్లుగా తుడిచి చూడటమే గానీ కడిగి చూసింది లేదు. ఈసారి చెంబుతో నీళ్లు పోసింది. నీళ్లు బిళ్ళకు అంటలేదు. చేమాకు మీద పడినట్టు ముత్యాలు ముత్యాలుగా జారిపోయాయి. మళ్లీ పోసింది. మళ్లీ జారిపోయాయి. బిళ్ళ నిగనిగలాడుతోంది.

నూనె.

ఊరగాయలో ఉప్పుంది, పులుపుంది, కారముంది. వాటి మీద నాలుగు వేళ్ల మందాన చెనిక్కాయ నూనె కూడా ఉంది. బిళ్ళ లోపలికి దిగేటప్పుడే ఒళ్లంతా నూనె పూసుకుని దిగింది. ఇంక పులుపు దాన్ని ఎక్కడ ముట్టుకుంటుంది? పూత లేని ఇనుము కూడా చెడకుండా ఉంటుంది ఆ జాడీలో. ఊరగాయ ఏడాది నిలిచేది నూనెవల్లే అని ఇంట్లో అందరికన్నా బాగా తెలిసిన మనిషి, ఇన్నేళ్లూ ఆ నూనెలోనే తుప్పు కోసం వెతికింది.

ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. విరిగిన పాల మీద పుట్టే రోత కాదు అది, ముక్కు పక్కకు తిప్పుకుంటే పోయేదీ కాదు.

గంగులమ్మ చూస్తుండగానే బిళ్ళను సీకాయపొడితో తోమింది. జిడ్డంతా పోయాక నీళ్లు దానికి అంటుకున్నాయి. అప్పుడు దాన్ని గంగులమ్మ తెచ్చిన గుజ్జు గ్లాసులోనే వేసి గూట్లో పెట్టింది.

తెల్లవారి చూస్తే బిళ్ళ చుట్టూ గుజ్జులో గోధుమరంగు వలయం. బిళ్ళ మీద సన్నటి బొబ్బలు. గోటితో నొక్కితే ఒక బొబ్బ చిట్లి లోపలినుంచి తుప్పునీళ్లు ఊరాయి. ఏకాంబరం దాన్ని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. నలుసులు ఒకదాన్నొకటి ఆనుకున్నచోట వాటి మధ్యకు నికెల్ చొరబడలేదు. సూదిమొన కూడా పట్టని సందు. పులుపునీళ్లకు అది చాలు. ఆ సందులోంచి ఇనుము దాకా దిగి, అక్కడ తుప్పు పుట్టించి, ఆ తుప్పు ఉబ్బి, పైపూతను చర్మం లేపినట్టు లేపింది. పూత అరగలేదు, రవ్వంత కూడా. కిందినుంచి కుళ్లింది.

"పదయ్యా, ఫ్యాక్టరీకి" అంది దేవకమ్మ.

"పోయి?"

"తెడ్లు దించమంటాను."

"ఊరికే ఉండవే. ఆయప్పే ఏమీ అనలా. మనం బోయి మన నెత్తిన మనమే మన్ను పోసుకునేదా? సీజను అయిపోతానే మెల్లగా దించి మళ్లీ పెడదాం."

ఆమె మొగుణ్ణి ఆ చూపే చూసింది. గోవిందు తెచ్చిన తుప్పు హ్యాండిల్‌ను చూసిన చూపు. ఏకాంబరం చొక్కా తొడుక్కున్నాడు.

సీజను నడుమ గుజ్జు ఫ్యాక్టరీకి ఎవరూ దారి అడగనక్కర్లేదు. ఈగల వెంట పోతే చాలు. గేటు బయట టెంకల గుట్ట. ఎండకు పులిసి బుడగలు పొంగుతోంది. దాని మీద పందులు. కాలువలో పసుపుపచ్చటి జిగట నీళ్లు కదలకుండా నిలిచి, తెల్లటి పురుగులతో కదులుతున్నాయి. లోపల నేలంతా తొక్కలు, అడుగు వేస్తే జారుడు. దేవకమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. ఈ రోజు తనకు ఆ హక్కు లేదనుకుంది.

మెషీను నీళ్లు కొట్టి కడగడానికి ఆపారు. ఆమె వంగి పీపాలోకి చూసింది. తెడ్ల అంచులు కొత్తవాటిలాగా ఉన్నాయి. ఇన్ని వేల టెంకలు బాదినా గీత పడలేదు. అంచులకు కాస్త పైన మాత్రం బొబ్బలు. చిట్లినవి కొన్ని, చిట్లనివి కొన్ని. ఒకచోట అరచేయంత పూత ఊడి వేలాడుతోంది. దాని కింద గుజ్జూ తుప్పూ కలిసి కాటుకలాంటి ముద్ద.

జయరామ్ వచ్చాడు. "ఏందమ్మా, పొద్దన్నే?"

"తెడ్లు దించెయ్యి సామీ. పూత ఊడి గుజ్జులో పడతాండాది."

"తెలుసు."

పీపా మీద వంగినది వంగినట్టే ఆమె తల తిప్పి అతన్ని చూసింది.

"తెలుసమ్మా. పల్చటి గుడ్డ కట్టి వడగడతాండాము. కొంచెం ఇనుము కడుపులోకి పోతే నష్టమేముండాది? రక్తం పడతాదని డాకటర్లు బిళ్ళలిస్తారు, మనం ఊరికే ఇస్తాండాము." తన హాస్యానికి తనే నవ్వాడు. "అయినా జాడీలో ఏసి సూసినాను, పూచీ నాది అనింది యెవురు? నేనా?"

"నేనే. తప్పు చెప్పినాను." ఆమె కోతబల్లల వైపు తిరిగి గట్టిగా అంది, "మీకందరికీ చెప్తాండా. జాడీలో నూనె ఉన్నింది. నూనె కాపాడింది, పూత గాదు. నా పూచీ చెల్లదు."

కత్తుల చప్పుడు ఆగింది. ఏకాంబరం నేలవైపు చూశాడు. జయరామ్ ముఖంలో నవ్వు కాస్త వాడింది గానీ పోలేదు.

"సరే, చెప్పేసినావు గదా. ఇంక పో. మెషీను ఏస్తారా రేయ్!"

దేవకమ్మ మెషీను పక్కనుంచి కదల్లేదు. చెయ్యి చాపి పక్క బల్ల దగ్గరున్న గంగులమ్మ చేతిలోని కత్తి తీసుకుని, ఊడిన పూత కింది నల్లముద్దను గీరింది. ఇంట్లోంచి తెచ్చిన గ్లాసులో వేసింది. దాని మీద పక్క తపేలాలోంచి గుజ్జు పోసి, కత్తిమొనతో కలిపి, జయరామ్ ముందుకు చాపింది.

"తాగు సామీ. రక్తం పడతాది."

ఆ ఫ్యాక్టరీలో జయరామ్‌కు ఒక అలవాటుంది. కొనేవాళ్లు వచ్చినప్పుడు వాళ్లెదుట ఒక గ్లాసు గుజ్జు ఎత్తిన గ్లాసు దించకుండా తాగి, మీసం తుడుచుకుని, "మా బిడ్డలకు పెట్టేదే మీకు పెడతాండా" అంటాడు. ఆ మాట అక్కడి ఆడవాళ్లందరికీ నోటికి వచ్చు.

"నేను పలారం జేసినా" అన్నాడు జయరామ్.

బల్లల వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జయరామ్‌కు రోషం వచ్చింది. గ్లాసు లాక్కున్నాడు. పెదవి దాకా తెచ్చాడు. తుప్పువాసన తగిలింది కాబోలు, ముక్కు పైకి లేచింది, పెదవులు కిందికి వంగాయి, మెడ వెనక్కి పోయింది. తనకు తెలియకుండానే పక్కకు తిరిగి థూ అని ఉమ్మాడు. ఒక్క చుక్క కూడా నోట్లో పడలేదు.

ఆ ముఖం దేవకమ్మకు బాగా తెలిసిన ముఖం. అద్దంలో రోజూ చూసేదే.

గంగులమ్మ బల్ల దగ్గరనుంచి లేచింది. "మా బిడ్డలకు పెట్టేదే" అని మెల్లగా అని, చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయింది. ఒకరి వెనక ఒకరు మిగతావాళ్లూ లేచారు. కోయాల్సిన కాయలు గుట్టలుగా ఉన్నాయి. ఎండ ఎక్కేకొద్దీ అవి మెత్తబడతాయి, మధ్యాహ్నానికి రసం కారతాయి. జయరామ్ ఆ గుట్టలవైపు చూసి, లేచిన ఆడవాళ్లవైపు చూసి, ఏకాంబరం మీద విరుచుకుపడ్డాడు.

"మీ దరిద్రప్పూత మీరే ఎత్తుకోని పోండి! దించండిరా తెడ్లు! పాతవే ఎయ్యండి, గుజ్జు పోతే పోనీ!"

తెడ్లు దించారు. ఏకాంబరం వాటిని గోనెపట్టాలో చుడుతుంటే దేవకమ్మ అవతలి కొట్టంవైపు చూసింది. అక్కడ మూతలు బిగించిన డబ్బాలు దూలాల దాకా పేర్చి ఉన్నాయి.

"మరి అవి?"

"అవెప్పుడో కట్టినవి" అన్నాడు జయరామ్. "మూత పడినాక అది మామిడి గుజ్జే. దాంట్లో ఏముండాదో నాకూ తెలీదు, నీకూ తెలీదు."

"పగలగొట్టి సూడు."

"పోమ్మా. పొయ్యి నీ జాడీ కడుక్కో."

ఆడవాళ్లు అప్పటికే బల్లల దగ్గరికి తిరిగి వస్తున్నారు. వాళ్లు అడిగింది తెడ్ల గురించి, తెడ్లు దిగాయి. డబ్బాలు వాళ్ల పిల్లలు తాగేవి కావు. గంగులమ్మ ఒక్కతే కొట్టంవైపు ఒకసారి చూసి, తల దించుకుని కత్తి పట్టుకుంది. ఆ మాపటేల ఆ డబ్బాలు లారీ ఎక్కాయి. వాటి మీద అంటించే కాగితాలు కొనేవాళ్లవి, పేరు కొనేవాళ్లది. చిత్తూరు దాటాక అవి ఎవరివో ఎవరికీ తెలియదు.

ఇంటికొచ్చాక ఏకాంబరం, "నీ నోటితో నువ్వే మన అన్నంలో మన్ను పోసినావు" అన్నాడు. ఆమె పెరట్లో కూర్చుని తెడ్ల మీది పూతను గీరింది. ఊడాల్సిన చోట ఊడకుండా, ఉండాల్సిన చోట ఉండకుండా, అంచులకు మాత్రం అది రాయిలాగా అతుక్కుని ఉంది. గీరి గీరి ఆమె వేళ్ల పొక్కులన్నీ మళ్లీ చితికాయి.

ఆ జాడీని ఆమె పారెయ్యలేదు. దాని పక్కన ఇంకొకటి పెట్టింది. అందులో నూనె లేదు. ఉప్పునీళ్లు, పచ్చి మామిడికాయ తొక్కు, అంతే. రెండింట్లోనూ నిలిచిందే పూత అనేది. ఏకాంబరం కొన్నాళ్లు అలిగి, తర్వాత తనంతటతానే ముందు ఇనుము మీద ఉత్త నికెల్ మందంగా పెట్టి, దాని మీద ఎమరీ పూత పెట్టి చూశాడు. ఆ బిళ్ళ రెండో జాడీలో మునుపటికన్నా చాలాకాలం నిలిచింది. నిలిచింది గానీ, "తుప్పు పట్టదు" అన్న మాట దేవకమ్మ నోటినుంచి మళ్లీ రాలేదు. మరుసటి సీజనుకు జయరామ్ ఏమీ జరగనట్టే కబురంపాడు. ఆమె కబురు తెచ్చిన మనిషికి మంచినీళ్లిచ్చి పంపేసింది.

రాళ్లపూతకు అసలైన చోటు ఇంకొకటి దొరికింది. నూనె మిల్లు ఆదిమూలం ఒకరోజు గానుగలో తిరిగే ఇనుప మరను బండిమీద వేసుకుని వచ్చాడు. చెనిక్కాయల్లో కలిసివచ్చే ఇసుక దాన్ని అరగదీసింది.

"నీ మర మీద ఎప్పుడూ నూనె ఉంటాదా?" అని అడిగింది దేవకమ్మ.

"నూనె మిల్లులో నూనె కాకుండా నా తలకాయ ఉంటాదా అమ్మా?"

"ఆపేసిన నెలల్లో?"

"అప్పుడూ జిడ్డే. నా పెండ్లాం నన్ను ముట్టుకునేదానికే రోత పడతాది."

దేవకమ్మకు నవ్వొచ్చింది. ఆమె నవ్వగా చూసినవాళ్లు గిరింపేటలో తక్కువ, ఆదిమూలం ఒకడు. "అయితే ఇది నీ దగ్గర నిలుస్తాది. నీళ్లు పోసి కడిగినావంటే మాత్రం నా గడప తొక్కొద్దు" అంది. ఇన్నేళ్లూ ఆ ఊరగాయ జాడీ చెబుతూ వచ్చింది ఈ నూనె మిల్లు సంగతేనని ఆమెకు అప్పుడు తోచింది. అబద్ధం జాడీ చెప్పలేదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో ఏదో మొక్కుబడికి తిరుపతి వెళ్లింది. బస్టాండు బయట ఒక అంగడిలో అమ్మేవాడు పెద్ద డబ్బా మూతను ఉలితో చీలుస్తున్నాడు. మామిడి గుజ్జు. ఐసుముక్కలు వేసి, నీళ్లు కలిపి గ్లాసుల్లో పోస్తున్నాడు. కొండ దిగివచ్చిన ఒక కుటుంబం, అందరివీ గుండ్లే, గంధం ఇంకా ఆరలేదు, వరసగా నిలబడి తాగుతోంది. డబ్బా మీద ఎవరిదో కాగితం, ఏదో ఊరి పేరు.

దేవకమ్మ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఒక్కొక్క గ్లాసులోకీ వంగి చూసింది. పసుపు, పీచు, ఐసు. నలుసు ఏదీ కనబడలేదు. కనబడకపోతే లేదని కాదని ఆమెకు తెలుసు. ఆ కుటుంబంలోని చిన్నపిల్ల గ్లాసు ఎత్తి తాగుతూ, ఈ ముడుచుకున్న ముఖం ఎందుకిట్లా చూస్తోందో అర్థంకాక తల్లి కొంగు పట్టుకుంది.

"ఏమ్మా, తాగేదా, సూసేదా?" అన్నాడు అంగడివాడు విసుగ్గా.

"సూసేదే" అంది దేవకమ్మ.

కొండకు పోయే బస్సు వచ్చి పోయింది. డబ్బా అడుగు గరిటెకు తగిలేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది.